బిడ్డ కంచంలో గుడ్డు

బళ్ళారిలో ప్రభుత్వ బడికి వెళ్ళే తెలుగు పిల్లవాడికి మధ్యాహ్న భోజనంతో గుడ్డు దొరుకుతుంది. షోలాపూర్‌లో బీడీలు చుట్టే తెలుగు తల్లి బిడ్డకు అది దాతల దయ. ఇద్దరి ఆకలీ ఒక్కటే. తేడా అంతా రాష్ట్ర సరిహద్దుది.

ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. కంచంలో గుడ్డు ఉండాలా వద్దా అన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టమైంది. తమిళనాడు బడి జరిగే ప్రతిరోజూ ఇస్తోంది. కర్ణాటక 2021లో వెనుకబడిన కల్యాణ కర్ణాటక జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు కొందరు మఠాధిపతులు వ్యతిరేకించారు. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. గుడ్డు తినని పిల్లలకు అరటిపండో చిక్కీయో ఇచ్చింది. ప్రభుత్వం ముందు నిలబడింది కాబట్టే 2024లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ చెయ్యి కలిపింది, వారానికి ఆరు గుడ్లయ్యాయి. మహారాష్ట్ర 2023 చివర్లో వారానికి ఒక్క గుడ్డు ప్రకటించి, 2025 జనవరిలో నిధులు ఆపేసింది. కావాలంటే చందాలతో పెట్టుకోమంది.

ఒక్క గుడ్డేగా అనుకోకండి. అందులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. ఆ పిల్లలే రేపు బడికొచ్చేది.

గుడ్డుతోనే సరిపోదు. పప్పు, ఆకుకూర, చిరుధాన్యాలు కావాలి. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టాక కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు అందుతున్నాయి. మన అవ్వలు చోళ్ళతో అంబలి కాచింది ఆ గింజలతోనే. పేదల తిండని మనమే దాన్ని వదిలేశాం.

గుడ్డు తిననివారి నియమాన్ని గౌరవిద్దాం. అయితే ఒకరి నియమం ఇంకొకరి బిడ్డ కంచం ఖాళీ చేయకూడదు.

యౌవనులారా, ఈ నెలలో ఒక మధ్యాహ్నం మీ పేట బడికి వెళ్ళి పిల్లల కంచాలు చూడండి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. మన సంఘం తల్లులు అందులో ఎందరున్నారు? మరాఠీనో కన్నడమో రాదని వెనకాడేవారికి, ఆ భాషలో చదువుకున్న మీరు తోడు వెళ్ళండి.

మన ప్రేమవిందు ఒక పూట ఆకలి తీరుస్తుంది. బడిలో గుడ్డు ఏడాదంతా నిలవాలంటే మనం వెళ్ళి అడగాలి.