రెండు పెగ్గులంటే మూడు డ్రింకులు!

అమెరికాలో పిల్లల దగ్గరుంటున్న మన పెద్దవాళ్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మామూలుగా జరిగేది ఇదీ. డాక్టర్ 'డ్రింక్ చేస్తారా?' అని అడుగుతారు. పక్కన కోడలు కూర్చుని ఉంటుంది. తెలుగులో అడిగి చెప్పేది కొడుకు. పెద్దాయన 'అబ్బే, ఎప్పుడైనా పండక్కో పబ్బానికో' అంటారు. కొడుకు 'నో' అనేస్తాడు. గరాజ్‌లో సీసా సంగతి ముగ్గురికీ తెలుసు, డాక్టర్‌కు తప్ప.

2025 జనవరిలో అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి మద్యం కనీసం ఏడు రకాల క్యాన్సర్లకు కారణమని హెచ్చరించారు. ఏడాది తిరగ్గానే, 2026 జనవరిలో వచ్చిన ఆహార మార్గదర్శకాలు 'మగవాళ్లకు రోజుకు రెండు, ఆడవాళ్లకు ఒకటి' అన్న పాత లెక్క తీసేసి 'తగ్గించండి' అని ఊరుకున్నాయి. ఎంత తగ్గించాలో ఇక డాక్టరే చెప్పాలి. అసలు ఎంత తాగుతున్నారో తెలియకుండా ఎలా చెప్తారు?

లెక్కలోనూ తేడా ఉంది. అమెరికా 'డ్రింక్' అంటే విస్కీ అయితే సుమారు 44 మిల్లీలీటర్లు. మన లార్జ్ పెగ్గు 60. పెద్దాయన రెండంటే డాక్టర్ రెండే రాసుకుంటారు, నిజానికది మూడుకు దగ్గర. ఇంట్లో చేత్తో పోసుకునేదానికి ఆ కొలతా ఉండదు. పైగా వయసుతో ఒంట్లో నీరు తగ్గుతుంది కాబట్టి అదే పెగ్గు ఎక్కువ ఎక్కుతుంది. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రతో కలిస్తే షుగర్ పడిపోవచ్చు. నిద్రమాత్ర తోడైతే రాత్రి బాత్‌రూమ్‌లో తూలిపడతారు. దాన్ని మనం 'వయసు మీదపడింది' అనుకుంటాం.

మా ఉద్దేశంలో డాక్టర్లు ముందు చేయాల్సింది ఇంట్లోవాళ్లను ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టడం. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాల్సిందే. ఆ దుబాసీ కూడా జాగ్రత్తగా ఉండాలి లెండి, మనకు మాత్రా 'మందే', మద్యమూ 'మందే'! 'తాగుతారా' అని నిలదీయకుండా 'ఈ మాత్రలతోపాటు సాయంత్రం ఏమైనా తీసుకుంటారా? ఏ గ్లాసులో, ఎంతవరకు?' అంటే పెద్దాయన నోరు విప్పుతారు. మెడికేర్ ఉన్నవారికి ఈ పరీక్ష ఏటా ఒకసారి ఉచితం. విజిటర్ వీసా మీద వచ్చినవారికి అదీ లేదు.

మోకాలి ఆపరేషన్‌కు ముందైనా నిజం బయటపడాలి. రోజూ బాగా తాగే అలవాటు ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో వణుకు, సంధి మాటలు, ఫిట్స్ కూడా రావచ్చు. కారణం తెలియని డాక్టర్ దాన్ని మత్తుమందు ప్రభావం అనుకునే ప్రమాదం ఉంది.