కవి లేనంత మాత్రాన కథ ఆగలే

మొన్న క్లాసుల పిల్లలు అలిగిన్రు. నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి'ని పోటీలు పడి చదివినోళ్లే తర్వాతి నవల 'మల్లారెడ్డి'ని సగంల పక్కన పెట్టిన్రు. "ఓరుగల్లే లేదు సార్, ఇంకేం చదవాలె?" అన్నరు.

నా నిరాశ వేరే. ఈ మూడు నవలలు నన్నయ, తిక్కన, ఎర్రన కాలాల మీద నడుస్తయి. భారతం రాసిన కవి ఎక్కడుంటే కథ అక్కడ ఆగుతది. తిక్కనకూ ఎర్రనకూ నడుమ రుద్రమ మనుమడు ప్రతాపరుద్రుడు ఏలిండు, 1323ల ఓరుగల్లు కూలింది. కరువుల కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సైన్యం వచ్చిందని మేడారం చెప్పుకునేది ఆ కాలం ముచ్చటే. రుద్రమను ప్రేమించిన పాఠకునికి మింగుడు పడని రెండో భాగం అది. (మాదిగింట్ల పుట్టినోణ్ని, నవలల్ల మావాళ్లను దేవులాడుకునుడు నాకు అలవాటే.)

ప్రేమకథే కావాలంటే గంగారం మండలం పూనుగొండ్ల పోండ్రి. జాతరకు అక్కడి పూజారులు పగిడిద్దరాజును అడవిల కాలినడకన సమ్మక్క దగ్గరికి తీస్కపోతరు. డోలీ కోయలు పడిగె ముందల పెట్టుకొని కథ పాడుతరు. శాస్త్రిగారిని తప్పు పట్ట, ఆయన తన కవుల వెంట పోయిండు. మన సిలబస్ ఇంకా ఆయన వెంటనే ఎందుకు పోవాలె? వచ్చే వారం పాఠం ఆ దిక్కు నుంచొచ్చే కోయ పిల్లగాన్నే చెప్పమన్న.