రుచి తెలియని రోజులు

ఈ శీర్షికలో తరచు యంత్రాల సెన్సార్ల ప్రసక్తి వస్తుంది. ఈసారి మన ముఖాన ఉన్న సెన్సారు సంగతి. జబ్బులో 'రుచి పోయింది' అంటామే గాని, చాలాసార్లు మొరాయించేది ముక్కు. 2020లో కోవిడ్ సోకినపుడు నాకు చారులో పులుపు, కారం తెలిసేవి. ఇంగువ పోపు జాడ మాత్రం లేదు. ఉప్పు పెంచుట రక్తపోటు గలవారికి తగదు. నిమ్మరసం, మిరియాలపొడి, కరకరలాడే కీరదోస ముక్కలతో ముద్ద దిగుతుంది.

అసలు భయం వేరు. వంటగ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు. లీకు పసిగట్టడానికే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ముక్కు సెలవులో ఉన్నంతకాలం పొయ్యి బాధ్యతను వాసన తెలిసినవారికి అప్పగించి, రాత్రి రెగ్యులేటరు కట్టివేయవలెను. గ్యాస్ లైన్ల వద్ద పనిచేసేవారు విధులలో చేరేముందు ఈ సంగతిని షిఫ్టు ఇన్‌చార్జికి తెలియజేయవలెను. జ్వరం తగ్గిన తరువాత కూడ వాసన తెలియడానికి వారాలు పట్టవచ్చు.