నాలాను కాదు, ముందు ప్లాటును అడగండి

హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడితే చాలు, మర్నాడు అందరి నోటా ఒకటే మాట: నాలాలు ఇరుకు, వెడల్పు చేయాలి, ఆక్రమణలు కూల్చాలి. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన ముంచెత్తినప్పుడూ ఇదే మాట. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు తెగి కాలనీల మీద పడినప్పుడూ ఇదే. ఆ తర్వాత నాలాల కోసం ఎస్‌ఎన్‌డీపీ పథకం వచ్చింది, ఆక్రమణలు తొలగించేందుకు 2024లో హైడ్రా సంస్థ వచ్చింది. నాలాలు బాగుచేయొద్దని గానీ, ఆక్రమణల జోలికి పోవద్దని గానీ నేననను. కానీ రోగం నాలాలో ఉందని నమ్మి మందంతా అక్కడే పోస్తున్నాం. వరద పుడుతున్నది మనం కడుతున్న ప్లాట్లలో.

లెక్క వేసి చూడండి. ఎకరం స్థలం మీద 5 సెంటీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే నలభై. ఆ స్థలం ఖాళీగా ఉన్నప్పుడు ఇందులో కొంత నేల తాగేది, కొంత గుంతల్లో నిలిచేది, మిగిలింది మెల్లగా పల్లానికి దిగేది. అదే స్థలాన్ని శ్లాబుతో, సిమెంటుతో కప్పేస్తే దాదాపు మొత్తం నిమిషాల్లో గేటు దాటుతుంది. ఎగువన అలాంటివి వంద లేస్తుంటే, దిగువన నాలాను ఎన్ని అడుగులు పెంచితే సరిపోతుంది? పైగా నున్నటి కాంక్రీటు నాలా నీటిని ఇంకా తొందరగా మోసుకెళ్లి కింది బస్తీ నెత్తిన పోస్తుంది.

నీటి సంగతి ఇలా ఉంటే, మట్టిని పట్టించుకునేవాళ్లే లేరు. వానాకాలంలో నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు ఓసారి వెళ్లి చూడండి. మూడు నాలుగు అంతస్తుల లోతున సెల్లార్ తవ్వకాలు. గోతిలో చేరిన ఎర్రనీటిని మోటారు పెట్టి పైపుతో రోడ్డు పక్క కాలువలోకి తోడేస్తుంటారు. టిప్పర్ల చక్రాలకు అంటిన మొరం గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా చారలు కడుతుంది. తర్వాతి జల్లుకు అదంతా మ్యాన్‌హోల్‌లోకి. కార్మికులు పూడిక తీసి కాలువ గట్టునే కుప్ప పోస్తారు. లారీ వచ్చేలోపు మళ్లీ వాన, మళ్లీ కాలువలోకే. పూడికతీత బిల్లు మన పన్నుల్లోంచి పోతుంది. మట్టి వదిలినవాడికి మాత్రం పైసా ఖర్చు లేదు.

నిబంధనలు లేవా? ఉన్నాయి. 2002 నాటి వాల్టా చట్టం వాననీటి సంరక్షణ గురించి చెప్పింది. చాలాచోట్ల జరిగేది మాత్రం ఇదీ: ఇంకుడుగుంత పేరిట మూడడుగుల గుంత, నాలుగు తట్టల కంకర, ఒక ఫొటో, చేతికి ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్). ఆర్నెల్లకు దానిమీద పార్కింగ్ టైల్స్. చెరువుకు, నాలాకు ఎన్ని మీటర్లు వదలాలో మన ఇంజినీర్లు టేపు పట్టి కొలుస్తారు. మీ గేటు దాటి గంటకు ఎంత నీరు బయటికొస్తుందని అడిగేవారేరీ?

కింద గ్రానైటు ఉంది, నీరు ఇంకదు అంటారు బిల్డర్లు. చాలాచోట్ల నిజమే. ఇంకకపోతే నిలపండి. మూడు సెల్లార్లు కార్లకు దొరికినప్పుడు, అందులో ఓ మూల వాననీటి ట్యాంకుకు దొరకదా? వాన వెలిశాక మెల్లగా వదలొచ్చు. సింగపూర్ ఇదే పని చేయిస్తోంది. కాలువలకు కొదవలేని ఆ నగరం 2014 నుంచి 0.2 హెక్టార్లు, అంటే సుమారు అరెకరం, లేదా అంతకు మించిన స్థలంలో వచ్చే కొత్త నిర్మాణాలన్నీ వరద ఉధృతిని తమ స్థలంలోనే తగ్గించాలంటోంది. సైటు నుంచి వదిలే నీటిలో మట్టి లీటరుకు 50 మిల్లీగ్రాములు మించకూడదంటోంది.

ఫ్లాటు ధర పెరుగుతుందనేది మరో వాదన. పెరగనీయండి. ఇప్పుడు ఆ ఖర్చును కింది బస్తీవాళ్లు తడిసిన పరుపులతో, చెడిపోయిన ఫ్రిజ్‌లతో కడుతున్నారు. 2020 నాటి వానను ఏ ట్యాంకూ ఆపలేదు, ఒప్పుకుంటాను. కానీ ఏటా నగరాన్ని స్తంభింపజేస్తున్నవి నాలుగైదు సెంటీమీటర్ల వానలే. వాటిని ఆపొచ్చు.

ఇది పరాయి ఊరి పాఠమూ కాదు. 1908 మూసీ వరద తర్వాత వచ్చిన ఇంజినీరు విశ్వేశ్వరయ్య, ఎగువనే నీటిని పట్టి నిలపమన్నారు. ఆ సలహా ఫలితమే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ జలాశయాలు.

చేయాల్సిన పనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో పది శాతాన్ని నగరపాలక సంస్థ తనఖా పెట్టించుకుంటోంది. ఆ తనఖా విడిపించే ముందు ఫొటో చూడటం మానేసి, ట్యాంకులో నీళ్లు నింపించి, బయటికి వచ్చే ధారను కొలవండి. తవ్వకం సాగుతున్నన్నాళ్లూ మట్టి రోడ్డెక్కితే పని ఆపించండి. రెండు వానాకాలాలు ఇలా గట్టిగా నిలబడి, ఆ తర్వాత ఇంకా ఎంత నాలా కావాలో లెక్క తేల్చండి.