ఆపద యంత్రమునకు, అన్నము మనిషికి

గౌతమీతీరమున నున్న యానామునకు చేరువలో గాడిమొగ యను గ్రామము కలదు. సముద్రగర్భమునుండి తీసిన సహజవాయువు గొట్టముల ద్వారా 2009 ఏప్రిల్‌లో తొలిసారి అచ్చటి ఒడ్డు చేరినది. 2020 డిసెంబరులో, రెండువేల మీటర్లకు మించిన నీటి లోతున నున్న బావులును ఉత్పత్తి నారంభించినవి. పది మీటర్లకు ఒక వాతావరణ పీడనము చొప్పున పెరుగుటచే అచ్చటి ఒత్తిడి రెండువందల రెట్లకు పైబడును. ఎంతటి గజ ఈతగాడైనను అంత లోతునకు దిగజాలడు. దిగునది యంత్రమే. దీపములు, కెమెరాలు, ఉక్కు చేతులు గల రోబోను ఓడపై కూర్చున్న చోదకుడు తీగ ద్వారా నడిపి, మరలు త్రిప్పించును, గొట్టములు పరీక్షించును. మనిషి ప్రాణమునకు ముప్పు తప్పించు ఈ సాధనమును మేము మనసార స్వాగతించుచున్నాము.

అయినను యంత్రమున్నది గదా యని మనిషి ఏమరియుండరాదు. 2010 ఏప్రిల్ 20వ తేదీన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను తైలవేదిక ప్రేలి 11 మంది కార్మికులు మరణించిరి. సుమారు 1,500 మీటర్ల లోతున రోబోలు బావి నోటిని మూయ యత్నించి విఫలమైనవి. విరిగిన గొట్టమును కోసి క్రొత్త మూత బిగించుటకు తోడ్పడినవియు రోబోలే. కాని చమురు ఆగుసరికి జులై 15వ తేదీ వచ్చినది. ప్రమాదమునకు ముందు జరిపిన పీడనపరీక్ష ఫలితమును వేదికపై నున్నవారు తప్పుగా గ్రహించిరని విచారణలో తేలినది. పైవారి పొరపాటును క్రింది యంత్రము దిద్దజాలకపోయినది.

కావున చమురు సంస్థలకు మేము విన్నవించునది యిది. రోబోలను కొన్నంత మాత్రమున తనిఖీ సిబ్బందిని తగ్గింపరాదు. యంత్రమువలన పని కోల్పోవు కార్మికునకు ఆ యంత్రమును నడుపు విద్యనే ముందుగా నేర్పవలెను.

మరియొక మాట మనవారిని గూర్చినది. యానాము పుదుచ్చేరి పాలనలోనిది, గాడిమొగ ఆంధ్రప్రదేశములోనిది. ఏరు ఒక్కటే, భాష ఒక్కటే. నడుమ నున్నది పాలనారేఖ మాత్రమే. కడలిలో ప్రమాదము వాటిల్లిననాడు ఆ రేఖ ఎవరిని కాపాడును? శిక్షణలోను, ఉద్యోగములలోను అది మన బిడ్డలకు అడ్డుగోడ కారాదు. ఇరు ప్రభుత్వములును ఈ విషయమున కూడబలుకుకొనవలెను. తల్లిదండ్రులును తమ కుమారులను, కుమార్తెలను ఈ విద్యకు పంప వెనుదీయరాదు. మన తీరమున కడలి అడుగున పనిచేయు ఉక్కు చేతిని నడుపు చేయి మన బిడ్డది ఏల కారాదు?