సెల్ఫు మోటారును ఇంటనే విప్పి చూడవచ్చును

ఉదయమున పనికి బయలుదేరువేళ మీట నొక్కగా 'టక్కు'మను శబ్దము మాత్రమే వచ్చి మోటారు సైకిలు కదలకున్నచో, మన యిండ్లలో దానిని మెకానిక్కు వద్దకు త్రోసికొని పోవుదురు. "సెల్ఫు పోయినది, క్రొత్తది వేయవలె" నని అతడనును, వేయింతురు. పోయిన దానిలో ఏమి పోయినదో అడుగువారు అరుదు. అడుగవలెననియు, చేతనైనంతవరకు ఇంటనే విప్పి చూడవలెననియు నా అభిప్రాయము.

వెనుకటి బండ్లకు కాలితో త్రొక్కు కిక్కరు ఉండెడిది. 1960లో నెలకొని 1996లో మూతపడిన మైసూరు కర్మాగారపు జావా, యెజ్డీ బండ్లు అట్టివే. నేటి బండ్లలో పెక్కింటికి కిక్కరు లేదు. సెల్ఫు నిలిచినచో బండి నిలిచినట్లే. బెంగుళూరు కూడళ్లలో మాటిమాటికి ఇంజనును ఆపి నడపుటచే ఆ మోటారునకు శ్రమ హెచ్చు. వానకాలమున దారిలో నిలిచిన నీరు దానిలోనికి చొరబడుటయు కలదు.

అయినను నిందను ముందుగా మోటారుపై వేయరాదు. సదర్ పత్రప్ప రోడ్డులో దొరకు చిన్న మల్టీమీటరుతో బ్యాటరీని చూడుడు. విశ్రాంతిగా నున్నప్పుడు 12.6 వోల్టులు చూపిన మంచిది. మీట నొక్కినప్పుడు 10కి దిగువ పడినచో లోపము సాధారణముగా బ్యాటరీదే. పిమ్మట తీగల కొనలను, ఎర్తు తీగను, రిలేను పరీక్షింపవలెను. తుప్పుపట్టిన ఒక్క బోల్టు చాలును, బండిని మొండికెత్తించుటకు!

ఇవి యన్నియు సరిగా నున్నచో, ఇంజను చల్లారిన పిదప, బ్యాటరీ ఋణధ్రువపు తీగను ముందుగా ఊడదీసి మోటారును విప్పవచ్చును. పండ్రెండు వోల్టులు మనిషికి షాకు కొట్టవు గాని, చేతి గాజో ఉంగరమో రెండు ధ్రువములకు తగిలిన ఎఱ్ఱగా కాలును, వానిని తీసివేయుడు. వాషర్ల వరుసను ఫోనులో బొమ్మ తీసికొనుడు, మరల కూర్చునప్పుడు వచ్చు తగవు తీరును. లోపల కానవచ్చునది చాలవరకు నల్లని బొగ్గుపొడియే. అరిగిపోయిన కార్బన్లు, అనగా బ్రష్షులు, ఆ పొడిలో బిగుసుకొని కమ్యుటేటరు రాగిపట్టీలను తాకకుండును. పొడిని తుడిచి, పట్టీలను సన్నని గాజుకాగితముతో మెఱుగుపెట్టి, నడిమి సందులను శుభ్రపఱచి, క్రొత్త కార్బన్లు వేసిన పెక్కు మోటారులు తిరుగును. ఇవి జె.సి. రోడ్డు అంగళ్లలో మోటారు వెలలో స్వల్పభాగమునకే లభించును. ఆర్మేచరు చుట్లు కాలి కమరువాసన వచ్చినచో మాత్రము ఇంట సాహసింపక వైండింగు అంగడికి ఇయ్యవలెను. లోపలి అయస్కాంతములు పెళుసువి, సుత్తిదెబ్బ తగులరాదు.

తెలుగులో చదివిన పిల్లలకు యంత్రవిద్య అబ్బదను భయము కొందఱు తల్లిదండ్రులకు కలదు. మెకానిక్కు బల్ల వద్ద కన్నడిగుడును, తమిళుడును, ఉర్దూ మాటలాడువాడును 'కార్బన్లు', 'ఆర్మేచరు' అనియే అందురు. అచ్చట మన పిల్లవాడు ఎవరికిని వెనుకబడినవాడు కాడు. పైగా ఫ్లెమింగు ఎడమచేతి నియమమును తన భాషలో నేర్చినవానికి ఆ ఆర్మేచరు ఏల తిరుగునో చెప్పుట తేలిక. వల్లించిన నియమమును వ్రేళ్లతో తాకి చూచుటకు ఇంతకన్న చౌకయైన సాధనము నా కెఱుకలో లేదు.

కోయంబత్తూరు దగ్గఱి కలంగల్ గ్రామమున 1893లో తెలుగు కుటుంబమున పుట్టిన జి. డి. నాయుడుగారు తమిళనాట పెరిగినవారే, బడిచదువు స్వల్పము. ఒక ఆంగ్లేయ అధికారి రడ్జి మోటారు సైకిలును చూచి ముచ్చటపడి, హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి, దానిని కొని ముక్కముక్కలుగా విప్పి తిరిగి కూర్చిరి. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి వారు చేసిన విద్యుత్ మోటారు మన దేశమున తయారైన మొదటిదని చెప్పుదురు. విప్పుట చేతిమురికి పని యని వారి నెవరైనను వారించిరేమో తెలియదు. మనము మాత్రము మన పిల్లలను, అందును ఆడపిల్లలను, తఱచుగా వారించుచున్నాము.

కావున పాఠశాలవారికి ఒక మనవి. వర్క్‌షాపులలో పాతయినుముగా తూచి అమ్ము సెల్ఫు మోటారులు రెండు మూడు తెప్పించి ప్రయోగశాలలో ఉంచుడు. ఒక మల్టీమీటరు, నాలుగు స్పానరులు, గాజుకాగితము చాలును. పదవ తరగతివారు వానిని విప్పుదురు. తొమ్మిదవ తరగతివారు వాషర్లు లెక్కింతురు.