ఎందుకు తప్పింది?

పోయిన ఆదివారం మా అన్నయ్య వాళ్లింట్లో భోజనాలయ్యాక, పెద్దవాళ్లంతా నడుం వాల్చిన వేళ, నేను వరుసగా ఆరు ఫ్రీ త్రోలు పాడుచేశాను. ఆరూ టీవీ తెర మీదే లెండి. ఆట పేరు ఎన్‌బీఏ 2కె26. బాస్కెట్‌బాల్ వీడియో గేముల్లో కొత్తది. అట్ట మీద షై గిల్జస్-అలెగ్జాండర్ బొమ్మ; 2025లో ఒక్లహోమా సిటీ థండర్‌ను చాంపియన్‌గా నిలబెట్టినవాడు. నా చేతిలో మా మేనల్లుడి కంట్రోలర్. దాన్ని రిమోట్ అంటే వాడు నొచ్చుకుంటాడు.

ఆరో బంతి కూడా రింగుకి కొట్టుకుని బయటపడ్డాక, వాడు ఫోన్లోంచి సగం తలెత్తి అన్నాడు: "అత్తా, ముందే వదిలేస్తున్నావ్."

నాకు నవ్వొచ్చింది. ముప్పయ్యేళ్ల కిందట మా హైస్కూలు గ్రౌండులో డ్రిల్లు మాస్టారు నాతో సరిగ్గా ఈ మాటే అనేవారు. "తొందరెందుకమ్మా? ఫ్రీ త్రో కదా, నీ చేతిలోంచి ఎవరూ లాక్కోరు. చెయ్యి పూర్తిగా లేవనీ, అప్పుడు వదులు." నలభయ్యో యేడు దాటాక, సోఫాలో కూర్చుని, రెండు బొటనవేళ్లతో ఆడుతూ మళ్లీ అదే తప్పు చేశానంటే, ఆ తప్పు ఆటది కాదు, నాది. నా తొందర నాకు పట్టిచ్చిందంటే ఈ గేములో ఏదో సరుకుందనిపించింది.

ఈ గేములను ఎవరు మెచ్చుకున్నా ముందు బొమ్మల గురించే మాట్లాడతారు. చెమట చూడండి, పచ్చబొట్టు చూడండి, జెర్సీ ముడతలు చూడండి అంటారు. చూశాను, బాగున్నాయి. కానీ ఆట నిజంలా ఉందా లేదా అని తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్ష వేరు. బంతి పడినప్పుడు అన్ని గేములూ బాగానే ఉంటాయి. తప్పినప్పుడు, ఎందుకు తప్పిందో నాకు తెలియాలి. తెలిస్తే అది ఆట. తెలియకపోతే లాటరీ.

ముందు కంట్రోల్స్ సంగతి. ఎడమ స్టిక్ కాళ్లు, కుడి స్టిక్ చేతులు. ఎక్స్ గుర్తు బటన్ నొక్కితే పాస్, కుడివైపు ట్రిగ్గర్ నొక్కిపెడితే పరుగు. చదరం గుర్తున్న బటన్ నొక్కి పట్టుకుని, ఆటగాడి చెయ్యి పైకి లేచాక వదిలితే షాట్. ఇంకో పద్ధతి కూడా ఉంది, నాకు నచ్చింది అదే. కుడి స్టిక్‌ను కిందికి లాగి మళ్లీ పైకి తొయ్యాలి. రిథమ్ షూటింగ్ అంటారు. స్టిక్ కిందికొస్తే బంతి లేచే తయారీ, పైకి వెళ్తే విడుపు. ఎప్పుడు తోశామన్నది ఒక్కటే కాదు, ఎంత వేగంగా తోశామన్నదీ లెక్కే. ఆ వేగం తెర మీది ఆటగాడి చేతి వేగంతో కలవాలి. సరిగ్గా కలిస్తే ఆకుపచ్చ వెలుగు వస్తుంది. పిల్లల భాషలో "గ్రీన్ పడింది".

దోసె తిరగేసేటప్పుడు ఎవరైనా గడియారం చూస్తారా? అంచు లేచిందని చేతికే తెలుస్తుంది. తొందరపడితే పెనానికి అంటుకుని చిరుగుతుంది, ఏమరితే మాడుతుంది. ఇదీ అంతే. పైగా ఒక్కో ఆటగాడిదీ ఒక్కో పెనం. స్టెఫెన్ కర్రీ బంతి చిటికెలో చెయ్యి దాటుతుంది. ఇంకొకడు ఎగిరి, గాల్లో ఒక్క క్షణం నిలిచి, అప్పుడు వదులుతాడు. ఒకడితో అలవాటైన వేలు ఇంకొకడి దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సిందే. మీద ఎవరైనా చెయ్యి చాపి అడ్డం వచ్చినా, ఆటగాడు అలిసిపోయినా ఆ సరైన క్షణం ఇరుకైపోతుంది. అసలు ఆటలో ఫ్రీ త్రోలు నూటికి తొంభై పైచిలుకు వేసే కర్రీ చేతిలో అది వెడల్పాటి గుమ్మం. జీవితం మొత్తమ్మీద నూటికి యాభై మూడు కూడా దాటని షకీల్ ఓనీల్ చేతిలో తలుపు సందు. అంత పెద్ద మనిషి అంత చిన్న సందులోంచి దూరాలి. అతనితో ఆడి తప్పితే నాకు కోపం రాదు. ఎందుకు తప్పిందో తెలుసు కాబట్టి.

ఈ పరీక్ష పెట్టి పాత ఆటలను చూస్తే తమాషాగా ఉంటుంది. 1983లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఒక గేము తెచ్చింది. జూలియస్ ఎర్వింగ్, లారీ బర్డ్ ఇద్దరే ఆటగాళ్లు, ఒకరి మీద ఒకరు. బొమ్మలు అగ్గిపుల్లల్లా ఉండేవి. అయినా అందులో ఆటగాడికి అలుపు వచ్చేది. గట్టిగా డంక్ చేస్తే ఒక్కోసారి బోర్డు అద్దం భళ్లున పగిలేది. అప్పుడు ఊడ్చేవాడొకడు చీపురు పట్టుకొచ్చి, సణుక్కుంటూ గాజు పెంకులు ఎత్తిపోసేవాడు. బొమ్మ గీయడానికి జాగా లేని రోజుల్లో కూడా, చేసినదానికి ఫలితం ఉండాలనీ ఆ ఫలితాన్ని ఎవడో ఊడ్చాలనీ వాళ్లకు తోచింది చూడండి.

1993లో వచ్చిన ఎన్‌బీఏ జామ్ దీనికి పూర్తిగా ఎదురు. జట్టుకి ఇద్దరే, ఫౌళ్లు లేవు, మనుషులు రింగుకి ఎంతో ఎత్తున పల్టీలు కొట్టేవాళ్లు. వరుసగా మూడు బుట్టలు వేస్తే బంతికి నిప్పంటుకునేది. అంత అబద్ధాన్నీ జనం హాయిగా నమ్మారు, అంతా కళ్లముందే జరిగేది కాబట్టి. అసలు అబద్ధం లోపల దాగుంది. ఆ గేము తయారుచేసిన మార్క్ టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని, చికాగో బుల్స్ అంటే గిట్టదు. ఈ రెండు జట్లూ నువ్వా నేనా అన్నట్టు ఆడుతుంటే, ఆఖరి క్షణంలో బుల్స్ వేసే షాట్లు తప్పిపోయేలా ప్రోగ్రాములో ఒక ముడి వేశానని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. బుల్స్ పక్షాన నాణేలు పోసి, ఓడి, తమ వేళ్లనే తిట్టుకున్న పిల్లలు ఎందరో! నిప్పంటుకున్న బంతిని క్షమించొచ్చు గానీ ఈ ముడిని క్షమించలేం. తప్పిన బంతికి అక్కడ చెప్పిన కారణం ఒకటి, ఉన్న కారణం ఇంకొకటి.

మూడో కథ 2010 నాటిది. ఎన్‌బీఏ ఎలైట్ 11 పేరుతో ఎలక్ట్రానిక్ ఆర్ట్సే కంట్రోల్స్‌ను మొదలంటా మార్చబోయింది. షాట్ కొట్టడానికి బటన్ కాదు, కుడి స్టిక్ తిన్నగా తోయాలి. పడటం పడకపోవడం మన చేతి మీదే. ఆలోచన చూస్తే నా పరీక్షలో నూటికి నూరు రావాలి. కానీ జనానికి రుచి చూపించడానికి వదిలిన డెమోలోనే పరువు పోయింది. లేకర్స్ ఆటగాడు ఆండ్రూ బైనమ్ కోర్టు నట్టనడుమ రెండు చేతులూ బారచాపి, కదలక మెదలక నిలబడిపోయిన వీడియో ఊరూవాడా తిరిగింది. చివరికి గేమునే రద్దు చేశారు. ఆ యేడు మైకేల్ జోర్డాన్‌ను అట్ట మీదికెక్కించి వచ్చిన ఎన్‌బీఏ 2కె11కి ఎదురే లేకపోయింది. చేతికి నిజాయితీ నేర్పి ఒంటిని మరిచిపోతే ఏమవుతుందో చెప్పే కథ అది.

కొత్త గేములో ఆ ఒంటి మీదే ఎక్కువ పని జరిగింది. రెండు మూడేళ్లుగా వీళ్లు అసలు మ్యాచ్‌ల వీడియోల్లోంచే ఆటగాళ్ల కదలికలను తీసుకుంటున్నారు. ఇప్పుడు మెషీన్ లెర్నింగ్‌తో నడిచే కొత్త కదలిక యంత్రం తోడైంది. నాకు అది పాదాల దగ్గర తెలిసింది. పాత గేముల్లో ఆటగాళ్లు సబ్బు నీళ్ల మీద నిలబడ్డట్టు జారేవాళ్లు. ఇందులో కాలు నేల మీద ఆనుతుంది. కుడివైపు దూసుకెళ్తూ ఒక్కసారిగా స్టిక్ ఎడమకి తిప్పితే, ఆటగాడు కుడికాలు తన్నిపెట్టి, బరువు ఆపుకుని, అప్పుడు తిరుగుతాడు. ఆ ఒక్క అడుగులో అవతలివాడు బంతి కొట్టేయొచ్చు. నా దగ్గర రెండుసార్లు కొట్టేశాడు. తప్పు నాదే, పరుగు బటన్ వదలకుండా తిప్పాను. అసలు కోర్టులోనూ పడేది ఇలాగే.

మహిళల జట్లు కూడా ఉండటం నాకు ఇంకో సంతోషం. 2కె20 నుంచి డబ్ల్యూఎన్‌బీఏ జట్లన్నీ చేరాయి. నేను లాస్ వేగస్ ఏసెస్ తీసుకుని ఎయ్జా విల్సన్‌తోనే ఆడాను. మా రోజుల్లో ఆడపిల్లల ప్రాక్టీసంటే మగపిల్లలు కోర్టు ఖాళీ చేసి వెళ్లాక మిగిలిన అరగంట. దీపాలు పెట్టేవేళకి బంతి కనపడేది కాదు. మా కోర్టు సిమెంటుది, రెండు రింగుల్లో ఒకటి ఓ పక్కకి ఒరిగుండేది. ఎడమపక్క నుంచి కొడితే పడుతుందని మాకు తెలుసు, బయటి స్కూలువాళ్లకి తెలియదు. నేను చూసిన ఏ వీడియో గేములోనూ ఒరిగిన రింగు లేదు. పది అడుగుల ఎత్తున, పద్దెనిమిది అంగుళాల వెడల్పున, ఎక్కడ చూసినా కొలిచి బిగించినట్టే ఉంటాయి.

అది పెద్ద లోటేం కాదు. పెద్ద లోటు మరోచోట ఉంది. కెరీర్ అనే విభాగంలో మన పేరుతో మనమే ఒక ఆటగాణ్ని తయారుచేసుకుంటాం. మొదట్లో వాడు ఎందుకూ కొరగాడు. ఆడుతూ పోతే గేములో చెల్లే డబ్బు వస్తుంది, దాంతో వాడి షూటింగ్, పరుగు, ఎగురు మెరుగుపడతాయి. ఓపిక లేనివాళ్లు అదే డబ్బును అసలు రూపాయలు పోసి కొనుక్కోవచ్చు. ఇక్కడ నా పరీక్ష తలకిందులవుతుంది. బంతి ఎందుకు తప్పింది? వేలు తొందరపడింది కాబట్టి కాదు, పర్సు తెరవలేదు కాబట్టి. సాధనతో సరిదిద్దుకునే తప్పు ఒకటైతే, బిల్లు కట్టి సరిదిద్దుకునే తప్పు ఇంకొకటి. పక్కింటి కుర్రాడు రెండో దారిలో వచ్చి మనల్ని ఓడిస్తే అందులో నేర్చుకోవడానికేం మిగలదు. ఒక బంతి, ఒక రింగు ఉంటే చాలు పేదా గొప్పా కలిసి ఆడగలిగిన ఆటకు ఈ దుకాణం అతకదు. కొత్త గేము ఎంత అందంగా కదిలినా ఈ ఒక్కచోట నేను మార్కులు కోస్తాను. ఇంట్లో పిల్లలు ఆడుతుంటే, కార్డు నంబరు అందులో దాచి ఉంచొద్దని మా అన్నయ్యకూ చెప్పాను, మీకూ చెబుతున్నాను.

ఆన్‌లైన్ ఆటది మరో తంటా. మన వేలు కదిలిన సంగతి ఎక్కడో ఉన్న సర్వర్‌కు చేరి తిరిగి రావడానికి రెప్పపాటు ఆలస్యం పడుతుంది. ఇంట్లో పచ్చగా వెలిగిన వేలే అక్కడ బోల్తా పడుతుంది. దాని గుణమే అంత, ఎవర్నీ అనలేం. అందుకే కొత్తగా కంట్రోలర్ చేతపట్టినవాళ్లు ముందు ఇంట్లోనే, ఒకే ఆటగాడితో, ఒకే చోటు నుంచి బంతులు వేసుకోవడం మంచిది.

సాయంత్రం టీ తాగాక నేను చేసిందీ అదే. మళ్లీ ఫ్రీ త్రో గీత దగ్గరికి వెళ్లాను. షాట్ వేళను చూపించే గీతనూ, ముందా వెనకా అని తెర మీద మెరిసే మాటనూ ఆపేయమని మేనల్లుడితో చెప్పాను. "అవి లేకపోతే నీకేం తెలుస్తుందత్తా?" అంటూనే ఆపాడు. స్టిక్ కిందికి లాగాను, తోశాను. మొదటిది పడింది. రెండోదీ పడింది. మూడోది రింగు చుట్టూ ఒక చుట్టు తిరిగి బయటపడింది. వాడు నోరు తెరిచాడు.

"ఆగు," అన్నాను. "ఈసారి ఆలస్యం."

వాడు ఫోను పక్కన పెట్టి, "ఇంకోటి వెయ్యి, చూస్తా," అన్నాడు.